టూ స్ట్రోక్ బండి నడిపేవాడికి పని పెడుతుంది

(మెకానికల్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఆ చివర ఫ్యాన్ కింద ఉన్నవాళ్లకి? సరే. ముందు ఒక చిన్న ప్రశ్న, మొహమాటం లేకుండా చేతులెత్తండి. మీలో యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు అంటే తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఆ బండి తయారీ ఆగిపోయింది 1996లో. అప్పటికి మీలో ఎవరూ పుట్టి ఉండరు. మీరు పుట్టకముందే ఆగిపోయిన 98 సీసీ టూ స్ట్రోక్ బండి పేరు మీకందరికీ ఎందుకు తెలుసు? బాగున్న బండికి లక్ష పైన అడుగుతుంటే జనం ఎందుకిస్తున్నారు? ఇవాళ మనం మాట్లాడుకోబోయేది అదే.

ఎవర్నడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. సౌండ్ అంటారు కొందరు, పికప్ అంటారు ఇంకొందరు, మా నాన్న బండి అండీ అని కళ్లు తుడుచుకునేవాళ్లూ ఉన్నారు. అన్నీ నిజమే, నేను దేన్నీ కాదనను. కానీ ఇన్నేళ్లుగా ఈ బండ్లతో ఉన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఇది నడిపేవాడికి పని పెట్టే బండి. నిన్ను కూర్చోబెట్టి మోసుకెళ్లదు. నీ చెవి కావాలి దానికి, నీ కుడి చెయ్యి కావాలి, నీ ఎడమ కాలు కావాలి, అన్నీ ఒకేసారి కావాలి. ఆ పని సరిగ్గా చేస్తే మాత్రం వంద సీసీ బండి కూడా మనిషిని ఎగరేసుకుపోతుంది. ఈ మాట ఊరికే అభిమానం కొద్దీ అంటున్నది కాదు, ఆ ఇంజన్ నిర్మాణంలోనే ఉంది. కొంచెం లోపలికెళ్లి చూద్దాం.

ఫోర్ స్ట్రోక్ మీకు సిలబస్‌లో ఉంది. పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం. క్రాంక్, అంటే పిస్టన్ కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. టూ స్ట్రోక్‌లో? ప్రతి చుట్టుకీ పేలుతుంది. హెడ్‌లో వాల్వులు లేవు, వాటిని తెరిచే క్యామ్ లేదు, దాన్ని తిప్పే టైమింగ్ చైన్ లేదు. ఆర్‌ఎక్స్ హెడ్ విప్పితే ఏముంటుంది? ఏమీ ఉండదు! ఒక అల్యూమినియం మూత, మధ్యలో ప్లగ్గు. కదిలే పెద్ద భాగాలంటే పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్, అంతే. సిలిండర్ గోడకి కన్నాలుంటాయి, వాటిని పోర్టులంటాం. పిస్టనే పైకీ కిందకీ కదులుతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది. పెట్రోలు, గాలి ముందు పిస్టన్ కింద, క్రాంక్ ఉండే గదిలోకి, అంటే క్రాంక్‌కేసులోకి వెళ్తాయి, పిస్టన్ దిగుతూ వాటిని నొక్కితే పక్క దారుల్లోంచి పైకెళ్తాయి. క్రాంక్‌కేసు గాలి దారి అయిపోయింది కాబట్టి అక్కడ ఇంజన్ ఆయిల్ నింపి ఉంచడం కుదరదు. అందుకే ఆయిల్ పెట్రోలుతో పాటే లోపలికెళ్లి, పెట్రోలుతో పాటే కాలుతుంది. ఆ నీలం పొగ, ఆ వాసన అక్కణ్ణుంచే.

ఆర్‌ఎక్స్ మీద పెట్రోలుని గాలిలో కలిపే కార్బరేటర్ ఊడదీస్తే, దానికీ సిలిండర్‌కీ మధ్య చిన్న దిమ్మ ఒకటి ఉంటుంది. దాని మీద బ్లేడు కన్నా పల్చగా ఉక్కు రేకులు. రీడ్ వాల్వ్ అంటారు. ఇదిగో, ఒకటి తెచ్చాను, ఒకరి తరవాత ఒకరు చూడండి. లోపలి వైపు నుంచి నోటితో పీలిస్తే రేకులు లేస్తాయి, ఊదితే టక్కున మూసుకుంటాయి. లోపలికి పోయిన గాలి వెనక్కి రాకుండా కాపలా, అంతే దాని పని. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. రేకు అంచున సన్నటి వెలుగు గీత కనిపిస్తే ఆ బండి ఉదయం ఒక్క కిక్కుకి స్టార్ట్ అవ్వదు, కిందనుంచి లాగదు. చూడండి తమ్ముడూ, పెట్రోలు రుచి తగులుతుంది, ఏం కాదు. ఇంత చిన్న వస్తువు బండి మొత్తం స్వభావాన్ని మార్చేసింది. 1973లో ప్రపంచ మార్కెట్లోకి వచ్చిన యమహా ఆర్‌డీ 350లోనూ ఉన్నది ఇదే ఏర్పాటు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సైలెన్సర్. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ శబ్దం తగ్గించడానికి మాత్రమే అనుకుంటున్నారా? కాదు, అది ఇంజన్లో సగం. రేసు బండ్ల పైపు చూశారా, మధ్యలో ఉబ్బి ఉంటుంది. కాలిన వాయువు బయటికెళ్లే కన్నం, ఎగ్జాస్ట్ పోర్ట్, తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల పైపులోకి దూకుతుంది. పైపు వెడల్పవుతున్న చోట ఆ అల తిరగబడి, సిలిండర్లో ఉన్నదాన్ని బయటికి లాగుతుంది. ఆ ఊపులో కాలిన వాయువుతో పాటు కొత్త పెట్రోలు కూడా కొంత బయటికొచ్చేస్తుంది. అల ముందుకెళ్లి పైపు సన్నబడే చోట గోడకి కొట్టుకుని మళ్లీ వెనక్కొస్తుంది, బయటికొచ్చేసిన ఆ కొత్త పెట్రోలుని సరిగ్గా పోర్ట్ మూసుకునే ముందు మళ్లీ సిలిండర్లోకి తోసేస్తుంది. ఒక్క కదిలే భాగం లేకుండా, ఒక రేకు గొట్టం చేసే పని ఇది! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే అల వెళ్లి రావడానికి పట్టే టైము ఎప్పుడూ దాదాపు ఒకటే, ఇంజన్ స్పీడు మాత్రం మారుతుంటుంది. ఆ రెండూ కలిసేది ఒక పరిధిలోనే. ఆ పరిధినే పవర్ బ్యాండ్ అంటాం. దాని కింద బండి నీరసంగా ఉంటుంది, అందులోకి రాగానే లేచి దూకుతుంది, అది దాటితే మళ్లీ ఊపిరి ఆగిపోతుంది. గాలిపటం ఎగరేసేవాడు దారం బిగువు వదలకుండా ఎలా చూసుకుంటాడో, టూ స్ట్రోక్ నడిపేవాడు ఇంజన్ని ఆ పరిధిలోంచి జారకుండా అలా చూసుకోవాలి. గేరు ఎప్పుడు మార్చాలో మీటర్ చెప్పదు, చెవి చెబుతుంది. నడిపేవాడికి పని అన్నానే, ఇదే ఆ పని.

ఈ పైపు వెనక ఒక కథ ఉంది, రెండు నిమిషాలు. తూర్పు జర్మనీలో చోపావ్ అని చిన్న ఊరు. అక్కడి ఎంజెడ్ ఫ్యాక్టరీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు, పెద్ద డబ్బు లేదు, మంచి సామాను దొరకదు, అయినా ఈ అలల లెక్క పట్టుకుని 1961 నాటికి 125 సీసీలోంచి 25 హెచ్‌పీ, అంటే హార్స్‌పవర్, తీశాడు. అంటే ఒక లీటరు ఇంజన్ లెక్కన 200. వెనక్కెళ్లి మీ పుస్తకాల్లో ఆ కాలం ఫోర్ స్ట్రోక్‌ల అంకెలు చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కాడెన్ రైడర్ ఎర్న్స్ట్ డెగ్నర్. ఆ ఏడు ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో స్వీడన్ రేసుకి వెళ్లిన డెగ్నర్ తిరిగి రాలేదు, పశ్చిమానికి పారిపోయాడు. భార్యాపిల్లల్ని కారు డిక్కీలో దాచి దాటించారు. ఆ విద్యంతా సుజుకీకి చేరింది. మరుసటి ఏడాదే, 1962లో, సుజుకీ మీద డెగ్నర్ 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కాడెన్ మాత్రం చోపావ్‌లోనే ఉండిపోయాడు. ఆయన పేరు ఇవాళ మీరు తెలుసుకుని వెళ్తే చాలు, నాకు సంతోషం.

ఇంకో చిత్రం చెప్పనా? యమహా వాళ్లు మొట్టమొదట చేసిన బండి 1955 నాటి వైఏ 1. అది దేన్ని చూసి చేశారు? జర్మనీ డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125ని చూసి. ఆ డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ ఎక్కడుంది? అదే చోపావ్! మన వీధుల్లో తిరిగిన యమహాల వంశం వెతికితే బండి వైపు నుంచీ, ఈ పైపు వైపు నుంచీ ఆ ఒక్క ఊరికే చేరుతుంది. ఆ తరవాత 1975లో రేసర్ అగొస్తిని యమహా మీద 500 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు, పెద్ద క్లాసులో టూ స్ట్రోక్‌కి అదే మొదటి టైటిల్. అక్కణ్ణుంచి 2001లో రోసీ హోండా మీద గెలిచేదాకా ఆ క్లాసు టైటిల్ ఒక్క ఏడాది కూడా ఫోర్ స్ట్రోక్‌కి దక్కలేదు. 2002లో రూల్సు మార్చి 990 సీసీ ఫోర్ స్ట్రోక్‌లని రానిచ్చాకే కథ మారింది. 500ని ఓడించడానికి 990 కావలసొచ్చింది, అది గుర్తుంచుకోండి.

సరే, మన దేశానికి వద్దాం. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు రాజ్‌దూత్ 350 తెచ్చారు, అంటే ఆర్‌డీ 350 మన అవతారం. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చిన హెచ్‌టీ దాదాపు 31 హెచ్‌పీ, తరవాత మైలేజీ కోసం తగ్గించిన ఎల్‌టీ దాదాపు 27. ఆ రోజుల్లో బుల్లెట్ 350 ఎంత? 18. మరి ఇంత బండికి ముందు బ్రేకు ఏమిచ్చారు? విదేశాల్లో డిస్క్ ఉంటే మనకి డ్రమ్ము ఇచ్చారు. పెట్రోలు తాగుతుంది, స్పేర్లు ఖరీదు, జనం భయపడ్డారు. 80లు ముగిసేసరికి ఆగిపోయింది. కానీ మద్రాసు దగ్గర షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసుల్లో ఆర్‌డీలు పరిగెత్తడం చూసినవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పకుండా ఉండలేరు.

ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో. అదే ఏడాది హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది, ఫోర్ స్ట్రోక్. ఇంట్లో పెద్దవాళ్లది మైలేజీ లెక్క, కాబట్టి సీడీ. కుర్రాళ్లది ఇంకో లెక్క. ఆర్‌ఎక్స్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 50 మిల్లీమీటర్లు. 11 హెచ్‌పీ. బండి బరువు దాదాపు వంద కిలోలు. ఈ మూడు అంకెలే దాని రహస్యం, ఇంకేం లేదు. టీవీఎస్ సుజుకీ షోగన్ కూడా గొప్ప బండి, దాని అరుపు వేరు. కవాసాకీ కేబీలు, ఆర్‌ఎక్స్ 135 ఫైవ్ స్పీడ్, ఇవన్నీ ఎవరికి వాళ్లకి ముద్దు. టైము లేదు, ఆ గొడవ బయట పెట్టుకుందాం.

నడపడం ఎలా ఉంటుందో చెబుతాను. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. మలుపు వస్తోంది. ఫోర్ స్ట్రోక్ అయితే థ్రాటిల్ వదిలేస్తే చాలు, ఇంజనే కొంత ఆపుతుంది. టూ స్ట్రోక్‌లో ఇంజన్ బ్రేకింగ్ దాదాపు లేనట్టే, వదిలినా జారుతూనే ఉంటుంది. కాబట్టి ముందే బ్రేకు, మలుపులోకి వెళ్లకముందే ఒక గేరు తగ్గించి ఇంజన్ని పాడుతూ ఉంచాలి. మలుపు మధ్యలో బండి వంచి థ్రాటిల్ కొంచెం కొంచెం తెరుస్తుంటే ముందు టపటపమని తడబడుతుంది, మలుపు విప్పుకుంటున్న చోట ఆ తడబాటు పోయి ఒక్క స్వరం అందుకుంటుంది, హ్యాండిల్ తేలికైపోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఇదంతా! గేరు తగ్గించడం కొంచెం ఆలస్యమైందనుకోండి, అది రాదు. నువ్వు సరిగ్గా చేస్తేనే వస్తుంది. మరి దిగేటప్పుడు? చాలామందికి తెలియని సంగతి ఇది. థ్రాటిల్ పూర్తిగా మూసి గేర్లో దిగుతుంటే ఇంజన్ గిర్రున తిరుగుతుంది కానీ లోపలికి ఆయిల్ దాదాపు వెళ్లదు. ఎందుకు? ఆయిల్ పంపు తీగ థ్రాటిల్‌కే కట్టి ఉంటుంది. అందుకని దిగువలో మధ్యమధ్యలో కొంచెం రేజ్ ఇస్తూ ఉండాలి. పాతవాళ్లు ఖాళీ రోడ్డు మీద కూడా ఊరికే చిటికెడు రేజ్ చేస్తుంటే మీరు స్టైలు అనుకుంటారు. స్టైలు కాదు, పిస్టన్‌కి చుక్క ఆయిల్ తాగించడం.

అలాగే రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంటాయి. పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ లైనర్ ఇనుము. వేడికి పిస్టన్ ఎక్కువ ఉబ్బుతుంది. ఆయిల్ చాలకో, పెట్రోలు పాలు తగ్గో మరీ వేడెక్కితే బోరుకి పట్టేస్తుంది, వెనక చక్రం అక్కడికక్కడ లాక్ అయిపోతుంది. పట్టే ముందు ఇంజన్ శబ్దం మారుతుంది, లాగడం తగ్గుతుంది. అది వినిపించగానే క్లచ్ నొక్కితే బతికావు. ఇందులో భయపెట్టాలని లేదు. చెవి ఎందుకు కావాలో చెబుతున్నాను.

మా ఊళ్లో ఒక మెకానిక్ గారు ఉండేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని క్రాంక్‌కేసుకి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. అలా విని, బేరింగా, పిస్టన్ పిన్నా, రింగులా అని చెప్పేసేవారు. విప్పితే అదే ఉండేది. ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టి చూపించి "నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, లేత కాఫీ రంగులో ఉంటే దాని జోలికి పోకు" అనేవారు. సైలెన్సర్లో శబ్దం తగ్గించే బాఫిల్ పైపు లాగి, పేరుకున్న మసి కాల్చి, దులిపి, తీగతో గీకి మళ్లీ పెడితే బండికి కొత్త ప్రాణం వచ్చేది. కాలేజీలో చదవనివాళ్లు ఇంజన్ మొత్తాన్ని చేత్తో, చెవితో తెలుసుకున్నారు. ఈ ఇంజన్ అంత సాదాగా ఉంది కాబట్టే అది కుదిరింది. సొంతం చేసుకోవడంలో సుఖం కూడా అదే: నీ బండిలో ఏం జరుగుతోందో మొత్తం నీకు తెలుస్తుంది. సాయంత్రం పూట పాత గుడ్డ పరిచి, పది, పన్నెండు స్పానర్లు పక్కన పెట్టుకుని కూర్చుంటే తెలియని మూల ఉండదు.

ఇప్పుడు పొగ సంగతి. దాటేసి వెళ్లిపోతే తప్పు. ఈ ఇంజన్ కాలని పెట్రోలుని బయటికి వదులుతుంది, ఆయిల్‌ని కాలుస్తుంది. లక్షల బండ్లు, ఆటోలు అలా తిరిగిన రోజుల్లో మన సిటీల్లో సిగ్నల్ దగ్గర నిలబడితే కళ్లు మండేవి. రూల్సు వచ్చి వీటి తయారీ ఆగిపోవడం న్యాయమే, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మిగిలిన కొద్ది బండ్లని బాగా ఉంచి, మంచి 2టీ, అంటే టూ స్ట్రోక్, ఆయిల్ పోసి, పంపు సరిగ్గా సెట్ చేసి నడపడం మన బాధ్యత. ఇంకొకటి, బాఫిల్ పీకేసి వీధులన్నీ అదరగొడుతున్న పిల్లలున్నారే, వాళ్లకి చెప్పండి. ఇందాక అలల లెక్క విన్నారు కదా. బాఫిల్ పీకితే ఆ లెక్క చెడుతుంది, పికప్ తగ్గుతుంది. చప్పుడు పెరిగింది కాబట్టి స్పీడు పెరిగిందనుకుంటారు. పడుకున్న ముసలివాళ్లనీ పసిపిల్లల్నీ లేపడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

కొనాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. పెయింటు చూసి పడిపోకండి. ముందు ఆర్‌సీ చూడండి, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదున్న పంచింగ్‌తో కలుస్తున్నాయా చూడండి. కలవకపోతే ఎంత ముద్దొచ్చినా వదిలెయ్యండి. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, అది అయిందా లేదా. తరవాత, బోరు ఏ సైజులో ఉందని అడగండి. పిస్టన్లు పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజుల్లో వస్తాయి. చివరి సైజుకి వచ్చేసిందంటే తరవాత లైనర్ వెయ్యాలి, ఆ ఖర్చు బేరంలో కలుపుకోండి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్, అంటే క్రాంక్ చివర లీకు ఆపే రబ్బరు చుట్టు, పోయి గేర్ ఆయిల్ తాగుతోందని అనుమానించాలి. థ్రాటిల్ వదిలినా ఐడ్లింగ్ దానంతటదే పెరుగుతుంటే కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపు సీల్లోంచి గాలి పీలుస్తోందేమో చూడాలి. ఈ రెండోది ప్రమాదం, పిస్టన్ పట్టేది ఇలాంటప్పుడే.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి అడుగుతున్నారు, మంచి ప్రశ్న. ఇథనాల్‌కి గాలి ఎక్కువ అక్కర్లేదు, కాబట్టి కార్బరేటర్లో పెట్రోలు వచ్చే కన్నం, జెట్టు, పాతదే ఉంచి నడిపితే పెట్రోలు పాలు తగ్గినట్టు అవుతుంది. ప్లగ్గు తెల్లబడుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. పాత రబ్బరు పైపులు, కార్బరేటర్ గాస్కెట్లు గట్టిపడి పగులుతాయి, మార్చెయ్యండి. ఇథనాల్ తేమ పీలుస్తుంది, నెలల తరబడి బండి తియ్యనప్పుడు ట్యాంకు, కార్బరేటర్ కప్పు ఖాళీ చేసి పెట్టండి.

ఏమిటమ్మా? ఆ, వింటేజ్ రిజిస్ట్రేషన్, పాతకాలపు బండ్లకి ఇచ్చే ప్రత్యేక నంబరు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు నిండాలి. మన దగ్గర పుట్టిన మొదటి ఆర్‌డీలకి కూడా 2033 దాకా ఆగాలి. పైగా ఆ నంబరు తీసుకున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. నడపాలనే కోరిక ఉన్నవాళ్లకి మామూలు రెన్యువలే మేలు.

చివరి ప్రశ్న, ఆ తమ్ముడు అడిగింది. రోజూ కాలేజీకి వేసుకు రావచ్చా అని. ఆర్‌ఎక్స్ అయితే నిరభ్యంతరంగా వేసుకు రావచ్చు, అది రోజువారీ వాడకానికే పుట్టింది, నిలబెట్టిన దానికన్నా తిరిగేదే బాగుంటుంది. ఆర్‌డీని మాత్రం ట్రాఫిక్‌లో నలపకండి, ప్లగ్గులు మసిబారి మొరాయిస్తుంది, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు దానికి కావాలి. కొత్తగా బోరు కొట్టించి ఉంటే మొదటి ఐదు వందల కిలోమీటర్లు ఒకే స్పీడులో పట్టి ఉంచకుండా, థ్రాటిల్ తెరుస్తూ మూస్తూ నడపండి, మధ్యలో ఆపి చల్లారనివ్వండి. బయట నీడలో ఆర్‌డీ పెట్టాను, ఎడమ కార్బరేటర్ ఊడదీసే ఉంచాను. బిగించడానికి ఇద్దరు కావాలి, చేతులు మురికవుతాయి, వచ్చేవాళ్లు రండి.